మనకి చేపమందు, చేపకి మన మందు

మృగశిర కార్తె అనగానే హైదరాబాదువాళ్ళకి గుర్తొచ్చేది బత్తిని సోదరుల చేపమందు. బతికున్న కొర్రమీను పిల్ల నోట్లో మందుపెట్టి, ఆ పిల్లని ఉబ్బసం రోగి గొంతులోకి జారవిడుస్తారు. అది పనిచేస్తుందా లేదా అన్న గొడవ జోలికి నేను ఇప్పుడు పోదల్చుకోలేదు. ఎందుకంటే దానికి సరిగ్గా తలకిందుల పని నేనొకటి చేశా. మనుషుల మందు తీసుకెళ్ళి చేపల నోట్లో పోశా. ఫలితం మాత్రం నూటికి నూరుపాళ్ళూ తెలుసు. తొమ్మిదింట్లో ఏడు చచ్చాయి.

కథ 2020 నాటిది. లాక్‌డౌన్ పుణ్యమా అని కంపెనీవాళ్ళు ఇంటినుంచే పని చెయ్యమన్నారు. గచ్చిబౌలిలో అద్దె ఎందుకు దండగ అని పెట్టేబేడా సర్దుకుని మెదక్‌లో మా ఇంటికి వచ్చేశాం. మా అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. బడి లేదు, బయట ఆటల్లేవు, పొద్దస్తమానం ఫోనే. సరే, చూడ్డానికి బాగుంటుంది, కాలక్షేపమూ అవుతుందని సెప్టెంబరులో ఒక అక్వేరియం కొన్నా. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు. రాళ్ళూ రప్పలూ పోను యాభై లీటర్ల నీళ్ళు పడతాయి. నీళ్ళు పోసిన సాయంత్రమే ఐదు గోల్డ్‌ఫిష్‌లు వదిలేశా. అది మొదటి తప్పని అప్పుడు తెలీదు, అదృష్టం కొద్దీ బతికిపోయాయి.

డిసెంబరులో పనిమీద సిటీకి వెళ్ళినప్పుడు ఇంకో నాలుగు చేపలు పట్టుకొచ్చా. రెండు మోలీలు, రెండు గోల్డ్‌ఫిష్‌లు. ప్లాస్టిక్ సంచీ విప్పి, ఆ నీళ్ళతో సహా తొట్టెలో గుమ్మరించేశా. నాలుగో రోజు పొద్దున చూస్తే ఒక మోలీ ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. గులకరాళ్ళకేసి ఒళ్ళు రుద్దుకుంటోంది.

కొట్టు అబ్బాయికి ఫోన్ కొట్టా. "ఏం కాదన్నా, చలికాలం గిట్లనే ఐతది. నీలం మందు పది చుక్కలెయ్యి, రేపటికల్లా సెట్ అయితది" అన్నాడు. వేశా. మూడో రోజుకి చుక్కలన్నీ మాయం! నాకు భలే గర్వమేసింది. మందు ఆపేశా. ఆఫీసు భాషలో చెప్పాలంటే టికెట్ క్లోజ్ చేసేశా.

ఇంకో ఐదారు రోజులకి తొమ్మిది చేపల మీదా చుక్కలే. లెక్కపెట్టలేనన్ని.

ఇక్కణ్ణుంచి నేను చేసిన పనులు చదివితే మీలో ప్రొడక్షన్ సపోర్టు చేసినవాళ్ళు తలపట్టుకుంటారు. నీలం మందు డోసు రెట్టింపు చేశా. దాంతో పాటు పచ్చమందు వేశా. అదీ చాలదని ఇంట్లో ఎప్పుడో మిగిలిపోయిన టెట్రాసైక్లిన్ గోళీలు నాలుగు విప్పి పసుప్పొడి నీళ్ళలో కలిపా. చేపల మేత రెట్టింపు చేశా, బలం వస్తుందని. నీళ్ళు మురికిగా ఉన్నాయని మొత్తం పారబోసి కొత్తవి పోశా. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద పెట్టి తెల్లగా మెరిసేదాకా ఉతికా. ఇదంతా రెండు రోజుల్లో. మా అమ్మ చూసి చూసి, "అరే, దినాం నీళ్ళన్ని పారబోస్తున్నవ్, ఆ పొడి ఈ పొడి కలుపుతున్నవ్. అవ్విటికి ఊపిరి సలుపుతలేదు గావచ్చు రా" అంది. నేను వినలేదు. పదిహేనేళ్ళ అనుభవమున్న ఇంజనీరుని కదా.

మూడో రోజు పొద్దున్నే చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి మింగుతున్నాయి. సాయంత్రానికి నాలుగు పోయాయి. ఆ వారంలో ఇంకో మూడు. మా అమ్మాయి అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తుంది. "డాడీ, అవి రోగంతోని సచ్చిపోయినయా, మందుతోని సచ్చిపోయినయా?"

ఏం చెప్పాలో తెలీక "రోగంతోనే" అన్నా. అబద్ధం చెప్పానని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత కూర్చుని తీరిగ్గా చదివా. ఆఫీసులో సర్వర్ పడిపోతే మూలకారణం తవ్వి తీసే మనం, ఇంట్లో ఏడు ప్రాణాలు పోతే తవ్వకపోతే ఎలా?

ఆ తెల్లచుక్కల జబ్బు పేరు ఇక్. దానికి కారణం ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలిస్ అనే ఏకకణ జీవి. బాక్టీరియా కాదు, వైరస్ కాదు, ఫంగస్ అంతకన్నా కాదు. మనం చూసే తెల్లచుక్క చేప చర్మం కింద దూరి కూర్చుని తింటున్న పరాన్నజీవి. ఆ పైన చేప చర్మమే దుప్పటిలా కప్పుకుని ఉంటుంది కాబట్టి నీళ్ళలో వేసిన ఏ మామూలు మందూ దానికి తగలదు. కడుపు నిండాక అది తనంతట తానే ఊడి అడుక్కి చేరుతుంది. అక్కడ చుట్టూ గోడ కట్టుకుని లోపల చీలడం మొదలెడుతుంది. ఒక్కొక్కటీ వందల్లో, ఒక్కోసారి వెయ్యి దాకా పిల్లల్ని వదులుతుంది. ఆ పిల్లలకి ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. మందు పనిచేసేది ఇదిగో, ఈ ఈదులాట దశలోనే.

ఇప్పుడు నా "విజయం" ఏమిటో అర్థమైంది కదా. మూడో రోజున చుక్కలు మాయమైంది మందు వల్ల కాదు, అవి తిని ఊడిపడ్డాయి. అవి అడుగున గుడ్లు పొదిగినట్టు పొదుగుతుంటే నేను పైన కూర్చుని మందాపేసి మీసం మెలేశా. నీళ్ళు 25 డిగ్రీల దగ్గర ఉంటే ఈ చక్రం దాదాపు వారంలో తిరుగుతుంది. నీళ్ళు చల్లబడేకొద్దీ వారాలు పడుతుంది. మా మెదక్‌లో డిసెంబరు రాత్రులు ఎలా ఉంటాయో చర్చి క్రిస్మస్‌కి వచ్చినవాళ్ళకి తెలుసు. హీటర్ లేని తొట్టె రాత్రి చల్లబడి మధ్యాహ్నం వేడెక్కుతూ ఉంటే చేప ఒత్తిడికి లోనవుతుంది, చక్రం సాగుతుంది, మందు అన్ని రోజులు ఎక్కువ వెయ్యాలి. చివరి చుక్క కనబడ్డాక కూడా కనీసం ఒక పూర్తి చక్రం దాటేదాకా మందు ఆపకూడదు. ఈ ఒక్క ముక్క ఆ నీలం సీసా మీద రాసుంటే ఎన్ని చేపలు బతికేవో.

పరాన్నజీవి ఎక్కడ పుట్టి ఎక్కడ తిరిగి ఎక్కడ దొరుకుతుందో తెలీకుండా దాన్ని కొట్టలేం. ఈ పాఠం ప్రపంచానికి చెప్పింది మన సికింద్రాబాదే. 1897 ఆగస్టులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది అక్కడే. ఒకప్పుడు మలేరియా అంటే చెడుగాలి అనుకున్నారు. నేను ఇక్ అంటే మురికినీళ్ళు అనుకున్నట్టే.

సరే, ఇక్ సంగతి అది. మరి చేపలు నోళ్ళు తెరిచి గాలి మింగిందెందుకు?

అది నా ఉతుకుడు పుణ్యం. చేప విసర్జించేది, మిగిలిన మేత కుళ్ళగా వచ్చేది అమ్మోనియా. అది విషం. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ చాలా నయం. ఈ బాక్టీరియా తగినంత పెరగడానికి కొత్త తొట్టెలో నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. స్పాంజి మీద గోధుమరంగు జిడ్డు చూసి మనం మురికి అనుకుంటాం. తొట్టెకి ఊపిరి పోసేది ఆ జిడ్డే. దాన్ని నేను క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళ కింద పెట్టి శుభ్రంగా చంపేశా. పైగా నీలం మందుకీ ఆ బాక్టీరియాకీ పడదు. పైపెచ్చు మేత రెట్టింపు. అమ్మోనియా పెరగక ఏమవుతుంది? అసలే ఇక్ తిని పుండైన మొప్పల మీద అమ్మోనియా పడింది. మా అమ్మ అన్న మాట అక్షరాలా నిజం, వాటికి ఊపిరి సలపలేదు.

ఇక టెట్రాసైక్లిన్. ఇక్కడే నాకు సిగ్గేసింది. అది బాక్టీరియా మీద పనిచేసే మందు. ఇక్ బాక్టీరియా కాదు. అంటే ఆ నాలుగు గోళీలూ జబ్బుని ముట్టుకోను కూడా ముట్టుకోలేదు. పోనీ నిజంగా బాక్టీరియా జబ్బే అనుకోండి, అప్పుడైనా లాభం అంతంతమాత్రమే. టెట్రాసైక్లిన్ జాతి మందులు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి ముడిపడిపోతాయి. మన బోరునీళ్ళ కాఠిన్యం గురించి గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ నీళ్ళలో మందు చేపలోకి వెళ్ళేది చాలా తక్కువ.

ఇంతకీ ఆ పసుపు నీళ్ళు ఏమయ్యాయి? బకెట్లతో తోడి ఇంటి ముందు మోరీలో పోశా. మోరీ నీళ్ళు వాగుకి, వాగు నీళ్ళు చెరువుకి.

"యాభై లీటర్ల నీళ్ళు, నాలుగు గోళీలు. దీనికింత రాద్ధాంతమా?" అని మీరు అడగొచ్చు. ఒప్పుకుంటా, నాది ఒక చుక్క. కానీ మా జిల్లావాడు ఈ చుక్కని తేలిగ్గా తీసుకోలేడు. ఎందుకో చెప్తా.

పటాన్‌చెరు 2016 దాకా మా మెదక్ జిల్లాలోదే, ఇప్పుడు సంగారెడ్డి జిల్లా అయింది. అక్కడ సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళని స్వీడన్‌కి చెందిన యోకిం లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. శుద్ధి అయ్యాక బయటికి వదిలిన నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. అది ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. వాళ్ళ లెక్క ప్రకారం రోజుకి దాదాపు 45 కిలోలు. అప్పట్లో తొంభై లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో మింగేంత. ఆ నీళ్ళు ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలో కలిసేవి. మంజీర ఎక్కడికొస్తుంది? మా ఏడుపాయల దుర్గమ్మ గుడి దగ్గరికి, ఘనపురం ఆనకట్టకి. మా చిన్నప్పుడు జాతరకి వెళ్తే మునిగింది ఆ నదిలోనే.

ఆ వార్త చదివినప్పుడు కంపెనీల్ని తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నా. తిట్టడం తప్పనను. కానీ అక్కడ జరిగిందీ, నా తొట్టెలో జరిగిందీ ఒకే పద్ధతి. యాంటీబయాటిక్ కొద్దికొద్దిగా నీళ్ళలో ఉంటే బలహీనమైన బాక్టీరియా చస్తుంది, మొండిది మిగులుతుంది. మిగిలినది తన మొండితనాన్ని పక్క బాక్టీరియాకి కూడా పంచుతుంది. జన్యువుల కాపీ పేస్టు అన్నమాట. రేపు మన పిల్లలకి జ్వరమొస్తే డాక్టరు రాసే మందు ఆ మొండిదాని మీదే పనిచెయ్యాలి.

నెల్లూరు, భీమవరం వైపు రొయ్యల రైతుల్ని అడగండి. సరుకులో నిషేధించిన యాంటీబయాటిక్ ఆనవాలు దొరికితే కంటైనర్ కంటైనరే వెనక్కొస్తుంది. ఆ భయంతోనైనా వాళ్ళకో లెక్క ఉంది. మన హాల్లో తొట్టెకి ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. చీటీ లేకుండా అమ్మకూడని మందు మెడికల్ షాపులో అడిగితే ఇచ్చేస్తారు, "చేపలకి" అంటే నవ్వి మరీ ఇస్తారు. జలుబు చేస్తే అజిత్రోమైసిన్ వేసుకునే అలవాటే ఇది కూడా. రోగమేదో తెలీదు, మందు మాత్రం చేతిలో ఉంది, ఊరికే కూర్చోలేం.

నా అభిప్రాయం ఇదీ. ఇంటి తొట్టెలో జబ్బు కనబడితే ముందు పరీక్షించాల్సింది నీళ్ళని, ఆ తర్వాత జబ్బు పేరుని, అన్నిటికన్నా చివర మందుని. యాంటీబయాటిక్‌ని మాత్రం మనంతట మనం ముట్టుకోకూడదు.

అసలెప్పుడూ వాడకూడదా అంటే, అలా అనను. కాలమ్నారిస్ అని ఒకటుంది. నోటి చుట్టూ దూదిలా తెల్లగా పెరుగుతుంది, అందరూ ఫంగస్ అనుకుంటారు, కానీ అది బాక్టీరియా, ముదిరితే రెండు రోజుల్లో చేపని తీసుకుపోతుంది. అలాంటివాటికి మందు కావాల్సి రావచ్చు. అప్పుడు కూడా జబ్బు చేపని వేరే టబ్బులోకి మార్చి, తెలిసినవాళ్ళు చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులూ వెయ్యాలి. ముత్తుకూరులో, పెబ్బేరులో ఫిషరీ కాలేజీలున్నాయి. చేపల జబ్బులు చదువుకున్నవాళ్ళు మన దగ్గర లేకపోలేదు, మనం అడగం అంతే.

చాలా జబ్బులకి అంత దూరం వెళ్ళక్కర్లేదు కూడా. యాంకర్ వార్మ్ అని చేప ఒంటికి దారప్పోగులా వేలాడుతుంది చూడండి, పేరు పురుగే గానీ అది రొయ్యలూ పీతల వంశం. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో రైతుల్ని ఏడిపించే చేపపేను కూడా ఆ వంశమే. వీటి మీద యాంటీబయాటిక్ పోస్తే రొయ్యకి జ్వరం గోళీ వేసినట్టే. తడిగుడ్డలో చేపని పట్టుకుని పట్కారుతో మెల్లగా లాగి, ఆ పుండు మానేదాకా నీళ్ళు శుభ్రంగా ఉంచితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం, నీళ్ళలో ఉన్న దాని పిల్లల కోసం కొన్ని వారాలు కాపు కాయడం.

ఇక్ మొదట్లోనే పట్టుకుంటే లీటరుకి ఒకటి నుంచి మూడు గ్రాముల దొడ్డుప్పు, మెల్లగా, ఒకటి రెండు రోజుల్లో పెంచుకుంటూ వెయ్యడం చాలాసార్లు సరిపోతుంది. వేడినీళ్ళ చేపలైతే హీటర్‌తో 30 డిగ్రీల దగ్గరికి తీసుకెళ్తే పరాన్నజీవికి గడ్డుకాలం. కానీ వేడెక్కిన నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, గాలి మోటారు ఆపకూడదు. గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ళది, దానికి ఆ వేడి వద్దు. మొక్కలకీ పొలుసుల్లేని చేపలకీ ఉప్పు పడదు. చూశారా, ఉప్పు వెయ్యడానికి కూడా ముందు మన తొట్టెలో ఏముందో తెలియాలి.

ఇంకో మాట. జబ్బు చేపని చూడలేక "పాపం, బతికితే బతుకుతుంది" అని చెరువులో వదిలేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. 1988లో ఈశాన్య రాష్ట్రాల్లో అడుగుపెట్టిన పుండ్ల జబ్బు తర్వాత దేశమంతా పాకి చెరువు చేపల్ని తినేసింది. దానికి బాగా లొంగే చేపల్లో మన రాష్ట్ర చేప కొర్రమీను ఒకటి. తొట్టెలో జబ్బు తొట్టెతోనే పోవాలి. అలాగే చేతికి గాయముంటే తొట్టెలో చెయ్యి పెట్టకండి. చేపలకొచ్చే ఒక రకం మైకోబాక్టీరియా మన చర్మానికి అంటితే నెలల తరబడి మందు మింగాలి.

చివరికి నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతి చెప్పి ముగిస్తా. అది 2020. క్వారంటైన్ అన్న మాట మా అమ్మకి కూడా నోరు తిరిగిన సంవత్సరం. సిటీనుంచి వచ్చిన మా తమ్ముణ్ణి పద్నాలుగు రోజులు పైగదిలో ఉంచి, అన్నం పళ్ళెం గడప దగ్గర పెట్టినవాణ్ణి నేనే. అదే సిటీనుంచి తెచ్చిన నాలుగు చేపల్ని మాత్రం సంచీ విప్పి నేరుగా గుమ్మరించా. ఒక ప్లాస్టిక్ టబ్బు, చిన్న స్పాంజి ఫిల్టరు, నాలుగు వారాల ఓపిక. ఇంతే కావాల్సింది. మొత్తం ఖర్చు నేను కొన్న మందుల ఖర్చులో సగం కూడా లేదు.

ఆ రెండు గోల్డ్‌ఫిష్‌లూ ఇప్పటికీ మెదక్ ఇంట్లో ఉన్నాయి, బాగా పెరిగాయి, తొట్టె కూడా పెద్దదైంది. మా అమ్మాయి ఒక నోటుపుస్తకం పెట్టింది. తారీకు, నీళ్ళ వేడి, అమ్మోనియా పరీక్ష రంగు, ఎన్ని నీళ్ళు మార్చాం, ఎవరు మార్చారు. చివరి గడి నాకోసమేనట. మొన్న సెలవులకి వెళ్ళినప్పుడు నేను స్పాంజి తీసుకుని కుళాయి వైపు నడుస్తుంటే వెనకనుంచి అరిచింది, "డాడీ, బకెట్లో తొట్టె నీళ్ళు తీస్కో!"

తీసుకున్నా. ఆ సాయంత్రమే కూర్చోబెట్టి, అప్పుడు చెప్పిన అబద్ధం కూడా సరిదిద్దా. "తెలుసు" అంది.